సీతకు బాకీపడ్డ జవాబు

ప్రేమించిన మనిషి మనలో తప్పు ఎంచితే ఏం చేయాలన్న ప్రశ్నకు మన చుట్టూ రెండు జవాబులు సిద్ధంగా దొరుకుతాయి. పాతకాలం వాళ్ళది ఒకటి: ఊరుకో, సర్దుకుపో, మాటకు మాట పెంచకు. ఈకాలం వాళ్ళది ఇంకొకటి: నిన్ను ఉన్నదున్నట్టు ఒప్పుకోలేనిది ప్రేమే కాదు, వదిలెయ్. ఎదురెదురుగా కనబడే ఈ రెండూ చివరికి ఒక్కచోటే తేలతాయి. అన్న మాటలో నిజమెంత అన్న విచారణ రెండిట్లోనూ ఉండదు. మొదటిది మాటను మింగేస్తుంది, రెండోది మాట అన్న మనిషినే అవతల పెడుతుంది. ఇదంతా మనస్తత్వ శాస్త్రం వాళ్ళు చూసుకుంటారులే అని వదిలేయవచ్చు గాని, ఇది ధర్మవిచారం కూడా. తప్పు ఎంచే హక్కు ఒకరికి ఉందంటే, రెండోవారి మీద ఏదో ఒక బాధ్యత పడుతుంది. ఏమిటా బాధ్యత? మారడమా, ఒప్పుకోవడమా, తలవంచడమా? ఇవేవీ కావనీ, జవాబు చెప్పడం ఒక్కటే అసలు బాకీ అనీ నా వాదం. ఒప్పుకోలు బాకీ కాదు. జవాబు మాత్రం బాకీ. ఈ తేడాను పట్టి చూస్తే మన ఇతిహాసాల్లో మనకు బాగా తెలిసిన ఘట్టాలు కొన్ని కొత్తగా కనబడతాయి, రాముడి ప్రవర్తనతో సహా.

ముందుగా అరణ్యకాండ తొమ్మిదో సర్గ. సినిమాల్లో, హరికథల్లో దీని జోలికి ఎవరూ పెద్దగా పోరు. దండకారణ్యంలో ఋషులు వచ్చి రాక్షసుల బాధ చెప్పుకుంటారు, రాముడు ఆ రాక్షసులను చంపుతానని మాట ఇస్తాడు. ఆ తర్వాత దారిలో సీత అతన్ని ఆపి తప్పు ఎంచుతుంది. కోరిక వల్ల పుట్టే దోషాలు మూడు, అంటుంది: అబద్ధమాడటం, పరస్త్రీ వ్యామోహం, వైరం లేకుండానే హింసకు దిగటం. మొదటి రెండూ నీలో ఎన్నడూ లేవు, ఇకముందూ ఉండవు, కానీ మూడోది ఇప్పుడు నీ వాకిట్లోకి వచ్చింది. మనకు ఏ అపకారమూ చేయనివాళ్ళను చంపుతానని ఒప్పుకున్నావు. ఆయుధం చేతిలో ఉంటే మనసు ఎలా మారుతుందో ఒక కథ కూడా చెబుతుంది. ఒక తపస్వి దగ్గరికి ఇంద్రుడు సైనికుడి వేషంలో వచ్చి తన కత్తిని దాచిపెట్టమని ఇస్తాడు. పరాయి సొమ్ము, పోగొడితే నమ్మకద్రోహం. అందుకని ఆ ముని పళ్ళకూ దుంపలకూ వెళ్ళినా కత్తి వెంటబెట్టుకునే వెళ్ళేవాడట. రోజూ మోయగా మోయగా చేతికి అలవాటైంది, చేతి నుంచి బుద్ధికి పాకింది, తపస్సు పోయి క్రూరత్వం మిగిలింది, చివరికి నరకం. కత్తిని వాడాలని అతను అనుకోలేదు. కాపాడాలనే అనుకున్నాడు. సీత కథలోని పదునంతా అక్కడే ఉంది. నారచీరలు కట్టుకుని అడవిలో ఉన్నన్నాళ్ళూ తాపస ధర్మమే పాటించు, క్షత్రియ ధర్మం అయోధ్యకు వెళ్ళాక చూసుకుందువుగాని అని ముగిస్తుంది.

పదో సర్గలో రాముడి జవాబు ఉంది. దాని నిర్మాణం చూడండి. కోపం లేదు, వెక్కిరింత లేదు, నీకెందుకు ఈ సంగతులన్న మాట లేదు. మొదట సీత మాటల్లోంచే ఒకదాన్ని అందుకుంటాడు. ఆర్తుల రక్షణ కోసమే క్షత్రియులు విల్లు పట్టేదని నువ్వే అన్నావు కదా, ఆ ఆర్తులు ఇదిగో నన్ను శరణు కోరారు అంటాడు. తర్వాత తనను కట్టిపడేసిన కారణం విప్పి చెబుతాడు: మాట ఇచ్చాను, ప్రాణం వదులుకోగలను గాని ఆ మాట వదులుకోలేను. చివర నువ్వు స్నేహంతో, నా మేలుకోరి అన్నావు, నాకు సంతోషంగా ఉంది, ఇష్టం లేనివాళ్ళకు ఎవరూ బుద్ధి చెప్పరు అంటాడు. ఒప్పుకోలేదు, దారి మార్చుకోలేదు. అయినా సీతకు రావలసింది వచ్చింది. తన మాట ఎక్కడ తగిలింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది ఆమెకు తెలిసింది. ఆ కారణాలు సరిపోవనుకుంటే మళ్ళీ వాదించే వీలు కూడా మిగిలింది. మనసును నొప్పించే వాక్యం ఒకటి ఈ జవాబులోనూ ఉంది. మాట కోసం నిన్నూ, లక్ష్మణుణ్ణీ కూడా వదులుకోగలను అంటాడు. ప్రేమించిన భార్యకు అడవి మధ్యలో చెప్పవలసిన మాటేనా అది? ఇక్కడ వ్యాఖ్యాతలు ఎన్ని సమర్థనలు తెచ్చినా, తర్వాతి కాండల నీడ ఆ వాక్యం మీద పడుతూనే ఉంటుంది.

ఒక ఆక్షేపణ వెంటనే వస్తుంది. చేసేది ఎలాగూ మారనప్పుడు జవాబు ఇచ్చి ఏం లాభం? అది ప్లీడరు తెలివి కదా, నీ వాదన విన్నాను, నా పని నాది అన్నట్టు? ఇందులో కొంత నిజముంది. మాటకారి భర్తలూ, మాటకారి భార్యలూ మనకు తెలియనివాళ్ళేం కాదు. ప్రతి ఫిర్యాదునూ వాదనలో ఓడించి, ఓడించాం కాబట్టి ఫిర్యాదే లేదనుకుంటారు. అయితే ఖండనకూ జవాబుకూ తేడా ఉంది. ఖండన ఎదుటివాడి వాక్యంలో లోపం వెతుకుతుంది. జవాబు తన చర్యకు కారణం బయటపెడుతుంది. కారణం బయటపెట్టినవాడు పరీక్షకు నిలబడ్డట్టే. సీత అన్నది నిజమేనా అన్నదానికి ఆ తర్వాతి కథే ఒక సాక్ష్యం: శూర్పణఖ, ఖరదూషణులు, మాయలేడి, లంక. కత్తి వెంట ఉంటే ఏమవుతుందన్న భయం పూర్తిగా తప్పని వాల్మీకి ఎక్కడా తేల్చలేదు. అంటే రాముడు చెప్పిన కారణం చివరికి సరిపోయిందో లేదో ఇవాళ కూడా వాదించుకోవచ్చు. చెప్పాడు కాబట్టే వాదించుకోగలుగుతున్నాం.

రెండో ఆక్షేపణ చెప్పే పద్ధతి గురించి. మన అలంకారశాస్త్రం ఉపదేశాన్ని మూడు రకాలుగా విడదీసింది. రాజులా ఆజ్ఞాపించేది వేదం, స్నేహితుడిలా నచ్చజెప్పేది పురాణం, ప్రియురాలిలా మనసు కరిగించి దారికి తెచ్చేది కావ్యం. కాశ్మీరంలో మమ్మటుడు చెప్పినా, ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు చెప్పినా కాంతాసమ్మితం అన్నమాట అదే. కావ్యానికి ఇంతకన్న అందమైన నిర్వచనం లేదు. కానీ దాన్ని కాంత వైపు నుంచి ఒకసారి చూడండి. తప్పు ఎంచాలంటే ఆమె దానికి తేనె పూయాలి, తియ్యగా ఉంటేనే అతను వింటాడు అని ఒప్పేసుకున్నట్టే కదా. ఆజ్ఞాపించడానికి రాజుకు తియ్యదనం అక్కర్లేకపోయింది. అరణ్యకాండలో సీత కూడా ఈ పన్ను కట్టింది. నేను నీకు నేర్పడం లేదు, గుర్తు చేస్తున్నాను అంటుంది. చివర స్త్రీ చాపల్యం కొద్దీ అన్నాను, నీకు ధర్మం చెప్పగల వాళ్ళెవరు అని కూడా అంటుంది. అంత గట్టి వాదన చేసిన మనిషి ఆ మాట నమ్మి అందని నాకు తోచదు. విమర్శ నెమ్మదిగా చెప్పాలన్నది మంచి సలహాయే. అమెరికాలో జాన్ గాట్‌మన్ దంపతుల సంభాషణలను దశాబ్దాల పాటు పరిశీలించి చెప్పింది కూడా అదే: ఒక పనిని తప్పుపట్టడం వేరు, మనిషి స్వభావాన్నే తప్పుపట్టడం వేరు, రెండోది బంధాన్ని తొలిచేస్తుంది. కానీ ఈ సలహా చెప్పేవాళ్ళ చేతిలో ఉండవలసింది. వినేవాళ్ళ చేతికి వస్తే ఆయుధమైపోతుంది. చెప్పిందాంట్లో విషయం లేదనడం కష్టం, చెప్పిన తీరు బాగాలేదనడం తేలిక.

దీనికి రామాయణంలోనే ఒక చిక్కు ఉదాహరణ ఉంది. సాఫీగా నడిచే సిద్ధాంతాన్ని అది కాస్త ఇబ్బంది పెడుతుంది. అయోధ్యకాండలో రాముడు సీతను అడవికి రావద్దంటాడు. ఆమె బతిమాలుతుంది, ఏడుస్తుంది, అన్నీ అయ్యాక ఒక్కసారిగా తిరగబడుతుంది: మగరూపంలో ఉన్న ఆడదాన్ని అల్లుడుగా తెచ్చుకున్నానని మా నాన్నకు తెలియలేదు. పనిని వదిలి మనిషి మీదికే వెళ్ళింది, అదీ ఇంతకన్న ములుకుగా అనలేనంతగా. గాట్‌మన్ లెక్క ప్రకారం ఇది పనికిరాని విమర్శ. రాముడు ఏం చేశాడు? ఆమెను దగ్గరికి తీసుకుని, నీ మనసులో ఉన్నది పూర్తిగా తెలుసుకోకుండా అడవికి రమ్మనడం నాకు ఇష్టం లేకపోయింది, ఇప్పుడు తెలిసింది, రా అన్నాడు. మాటలోని విషాన్ని పక్కన పెట్టి దాని వెనకాల ఉన్న సంగతిని పట్టుకున్నాడు. తియ్యగా చెప్పిన అరణ్యకాండ వాదన అతని దారి మార్చలేదు, చేదుగా అన్న అయోధ్యకాండ మాట మార్చింది. కాబట్టి తీయని మాటే గెలుస్తుందన్న నమ్మకానికి కనీసం ఈ దంపతుల కథలో ఆధారం లేదు. రెండు చోట్లా ఉన్నది వినే చెవి. ఆ చెవి ఉన్నంత కాలం వాళ్ళ కాపురం ఎన్ని కష్టాలైనా తట్టుకుంది.

భారతంలో ద్రౌపదీ ధర్మరాజుల వాదం ఇంకో రకం. ద్వైతవనంలో, నన్నయ తెలుగు చేసిన భాగంలోనే ఇది వస్తుంది. దర్భలమీద పడుకునే రాజును చూస్తూ, నీకు కోపమెందుకు రాదని ఆమె అడుగుతుంది. ఎప్పుడూ ఓర్పు మంచిది కాదని ప్రహ్లాదుడు బలికి చెప్పిన మాటలు తెస్తుంది. అతను ఓర్పు గొప్పతనం గురించి చక్కటి ఉపన్యాసం ఇస్తాడు. అప్పుడామె ఇంకా లోతుకు వెళ్ళి, ధర్మాన్ని ఇంతగా కాపాడిన నిన్ను ధర్మం కాపాడదేం అంటుంది, విధాత మనుషులను బొమ్మల్లా ఆడిస్తున్నాడంటుంది. ధర్మరాజు నువ్వు బాగా మాట్లాడావు గాని ఇది నాస్తికుల మాట అన్నాడు. ప్రశ్నకు పేరు పెట్టడం జరిగింది. ఇళ్ళలో రోజూ జరిగేది ఇదే, పేర్లు మాత్రం వేరు: నీకు అనుమానం, నువ్వు మీ అమ్మ పోలిక, నీకు ఎంత చేసినా తృప్తి లేదు. ద్రౌపది ఆ పేరు తీసుకోలేదు. నేను ధర్మాన్ని నిందించడం లేదు, బాధలో మాట్లాడుతున్నాను అని చెప్పి మనిషి ప్రయత్నం ఎందుకు కావాలో మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఆ వెంటనే భీముడు అందుకుని అంతకన్న కటువుగా తిట్టాడు. భీముడికి ధర్మరాజు ఇచ్చిన జవాబు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. నీ మాటలు ములుకుల్లా గుచ్చుకున్నా నిన్ను తప్పు పట్టను, నా తప్పు వల్లే మీ అందరికీ ఈ కష్టం వచ్చింది అంటాడు. ఆ ఒక్క వాక్యం ద్రౌపదికి చెప్పవలసింది. జూదంలో ఒడ్డింది ఆమెను. ఆమెకు మాత్రం ఓర్పు గురించీ, ఆస్తిక్యం గురించీ పాఠాలు వచ్చాయి, తమ్ముడికి ఒప్పుకోలు వెళ్ళింది. ధర్మరాజు చెడ్డవాడని నేననను. తప్పు ఒప్పుకోవడం తెలిసిన మనిషికి కూడా భార్య ఎదుట ఆ మాట నోట రాకపోవడం ఎంత మామూలో ఆ సన్నివేశం చెబుతోంది.

ఇక యుద్ధకాండ. రావణుడు చచ్చాడు, సీతను తీసుకొచ్చారు, వానరులూ రాక్షసులూ చుట్టూ నిలబడ్డారు. వాళ్ళందరి ముందు రాముడు అంటాడు: ఈ యుద్ధం నీ కోసం చేయలేదు, నా వంశానికి మచ్చ రాకుండా చేశాను, కళ్ళ జబ్బువాడికి దీపంలా నువ్వు నాకు ఎదురుగా ఉన్నావు, ఎక్కడికైనా వెళ్ళు. కఠినంగా ఉంది కాబట్టి తప్పు అంటే అది తేలిక విమర్శ. అయోధ్యకాండలో సీత కూడా కఠినంగానే అంది. ఇక్కడ జరిగింది వేరు. మాట్లాడేది రాముడి నోరు, ఫిర్యాదు లోకానిది. అపవాదుకు లోబడి మాట్లాడే మనిషికి జవాబు చెప్పడం ఎలా? నాకు నమ్మకమే, వాళ్ళకే లేదు అంటే ఎవరితో వాదించాలి? అయినా సీత జవాబు చెప్పింది. పామరుడు పామర స్త్రీతో అన్నట్టు ఇలాంటి మాట ఎందుకన్నావు, ఎవరో కొందరు ఆడవాళ్ళను చూసి జాతినంతా అనుమానిస్తావా అంది. ఆ తర్వాత అడిగిన ప్రశ్న మరీ సూటిది: నన్ను వెతకడానికి హనుమంతుణ్ణి పంపినప్పుడే వదిలేస్తున్నానని చెప్పి పంపి ఉంటే సరిపోయేది కదా, ఇంత యుద్ధం, ఇందరి ప్రయాస ఎందుకు? దీనికి రాముడి దగ్గర జవాబు లేదు. ఇవ్వలేదు కూడా. అరణ్యంలో అంత ఓపికగా కారణాలు చెప్పిన మనిషి ఇక్కడ తల దించుకుని ఉండిపోయాడు, ఆమె చితి పేర్చమంది.

భక్తులు దీనికి చెప్పే సమాధానం తీసిపారేయదగ్గది కాదు. రాముడికి సీత శుద్ధత తెలుసు, ముల్లోకాలకూ నమ్మకం కలగాలని అలా అన్నాడు, అగ్నిదేవుడు చెప్పాక తనే ఆ సంగతి చెప్పుకున్నాడు. నిజమే, చెప్పుకున్నాడు. నా చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. తాను నమ్మని ఆరోపణను తన నోట భార్య మీద వేయడం వల్ల, ఆమె ఇవ్వగలిగిన ఏ జవాబూ పనికిరాకుండా పోయింది. రాజుకు లోకం ముఖ్యమంటే రాజుగా సభ పెట్టి విచారించవచ్చు, భర్తగా ఆమె పక్కన నిలబడవచ్చు. రెండు పీటల మీదా ఒకేసారి కూర్చుని మాట్లాడాడు. ఉత్తరకాండకు వచ్చేసరికి ఆ కాస్త మాట కూడా లేదు. ఊళ్ళో మాటలు భద్రుడి నోట విని, లక్ష్మణుడితో ఆమెను గంగ దాటించేశాడు. తనను వదిలేశారని అవతలి ఒడ్డున లక్ష్మణుడు చెబితే ఆమెకు తెలిసింది. 1963లో వచ్చిన లవకుశ చూసి మూడు తరాల తెలుగువాళ్ళు ఏడ్చింది ఎక్కువగా సీత కష్టానికే. అయితే ఆ కష్టంలో పెద్ద భాగం అడవి కాదు, ఆరోపణ ఏమిటో తెలియకుండానే తీర్పు పడిపోవడం. నలుగురూ ఏమనుకుంటారు అన్న మాట వాడే ప్రతి ఇంటికీ ఈ ఘట్టం దగ్గరిదే. చుట్టాలు భోజనానికి వచ్చినప్పుడు మా ఆవిడ కారు ఎక్కిందంటే రోడ్డు మీద జనం పక్కకు తప్పుకోవాల్సిందే అని భర్త అంటాడు, అందరూ నవ్వుతారు. ఆమె కాదంటే హాస్యానికి అన్నానంటాడు, ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. ఆ గదిలో ఆమెకు జవాబు చెప్పే చోటు లేదు. భార్యలు కూడా ఇదే పని అత్తవారింటి వాట్సాప్ గ్రూపులో, పిల్లల ముందు చేస్తారు. ఎవరు చేసినా అది విమర్శ వేషంలో ఉన్న ప్రకటన.

ఇక్కడ ఒక ప్రశ్న ఎదురవుతుంది, దీన్ని దాటిపోతే ఈ వాదం ప్రమాదకరం. జవాబు బాకీ అన్నావు కదా, మరి పొద్దున లేచింది మొదలు కూర రుచి నుంచి పుట్టింటి వాళ్ళ దాకా వంకలు పెట్టే మనిషికి కూడా జవాబు బాకీయేనా? ఇష్టం లేనివాళ్ళకు ఎవరూ బుద్ధి చెప్పరన్న రాముడి మాటను తిరగేసి, బుద్ధి చెప్పే ప్రతివాడికీ ఇష్టం ఉన్నట్టే అనుకుంటే ఎలా? అనుకోకూడదు. నీ మంచికే చెబుతున్నా అన్న మాట వెనక ప్రేమ ఉండవచ్చు, అధికారం ఉండవచ్చు. తేల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది: జవాబు చెబితే ఆగి వింటారా? వినని విమర్శకుడు అడిగేది జవాబు కాదు, లొంగుబాటు. అలాంటిచోట బాకీ లేదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఈ గీతను ధర్మశాస్త్రాలకన్న స్పష్టంగా గీసింది. అవమానించడం, హేళన చేయడం, పేర్లు పెట్టి పిలవడం, ముఖ్యంగా పిల్లలు పుట్టలేదనో మగపిల్లాడు పుట్టలేదనో ఎత్తిపొడవడం హింస కిందికే వస్తుందని అది చెబుతుంది. శాస్త్రాలు భర్తకు భార్య ఎలా నచ్చజెప్పాలో ఎంతో రాశాయి. అతని నోటికి ఇలాంటి హద్దు మాత్రం పార్లమెంటే పెట్టవలసి వచ్చింది.

చివరిగా మనకు అన్నిటికన్న ముద్దొచ్చే పరిష్కారం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది పరిష్కారమని నేననుకోను. ముక్కు తిమ్మన పారిజాతాపహరణంలో పారిజాత పుష్పం రుక్మిణికి ఇచ్చాడని సత్యభామ అలిగితే, కృష్ణుడు కాళ్ళమీద పడతాడు, ఆమె ఎడమకాలితో తల తన్నుతుంది. అతను కోపం తెచ్చుకోకపోగా, పులకించిన నా ఒంటి రోమాలు గుచ్చుకుని నీ పాదం నొచ్చిందేమోనని దిగులుపడతాడు. తెలుగువాళ్ళు దీన్ని ఎన్ని వందల ఏళ్ళుగా ఆస్వాదిస్తున్నారో చెప్పనక్కర్లేదు. ఆ రసికత నాకూ ఇష్టమే. కానీ సత్య అడిగింది, సవతుల మధ్య, నారదుడి ఎదుట నా స్థానం ఏమిటని. దానికి ముద్దుమాట జవాబు కాదు. చెట్టును స్వర్గం నుంచి పెకలించి తెచ్చి ఆమె పెరట్లో నాటడం కూడా, ఎంత ఘనంగా ఉన్నా, జవాబు కాదు. బుజ్జగించడం కోపాన్ని తగ్గిస్తుంది, ఆ కోపానికి కారణమైన ప్రశ్న అలాగే ఉంటుంది, ఇంకో పువ్వు వచ్చినప్పుడు మళ్ళీ లేస్తుంది. ఈ కావ్యం పుట్టుక గురించి ఒక కథ ప్రచారంలో ఉంది, చరిత్రకారులు పూచీ పడేది కాదు. రాణి తిరుమలదేవి నిద్రలో రాయల చిత్రపటం వైపు కాళ్ళు పెట్టుకుందని రాయలు కినుక వహించి ఆమె అంతఃపురానికి రావడం మానేశాడట. ఆమె వెంట అరణంగా వచ్చిన తిమ్మన, దేవుడు కూడా ప్రియురాలి తాపు తిన్నాడని ఈ కావ్యం రాసి వినిపిస్తే రాజు మెత్తబడ్డాడట. కాంతాసమ్మితమైన ఉపదేశం అచ్చంగా పనిచేసిన సందర్భం, కవి గొప్పగా గెలిచాడు. నిద్రలో కాళ్ళు ఎటు తిరిగాయో తనకెలా తెలుస్తుందని రాణి అడిగిందో లేదో, అడిగితే రాయలు ఏమన్నాడో ఆ కథ చెప్పినవాళ్ళెవరూ పట్టించుకోలేదు.